కుటుంబంతో విదేశానికి: ఏ దేశపు డిపెండెంట్ వీసా ఎవరికి నప్పుతుంది

విదేశీ ఉద్యోగం ఖాయమైందన్న కబురు వచ్చిన సాయంత్రం ఇంట్లో మాటలన్నీ జీతం చుట్టూనే తిరుగుతాయి. నెలకు ఎంత, రూపాయల్లో ఎంత, అప్పు ఎన్నాళ్లలో తీరుతుంది అని లెక్కలు వేసుకుంటారు. భార్యాపిల్లల సంగతి వచ్చేసరికి "డిపెండెంట్ వీసా ఇస్తారట" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటారు. 2014లో మా ఇంట్లోనూ అదే జరిగింది. ఒంగోలులో ఒక జూనియర్ కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, నాలుగేళ్ల కూతురిని వెంటబెట్టుకుని న్యూజెర్సీలో దిగాను. పాస్‌పోర్టులో అంటించిన హెచ్-4 వీసా నన్ను ఆ దేశంలో ఉండనిస్తుందనీ, చదువుకోనిస్తుందనీ, పని మాత్రం చేయనివ్వదనీ నాకు ముందే తెలుసు. తెలియడం వేరు, ఆ నిబంధన కింద ప్రతి రోజూ బతకడం వేరు. పని అనుమతి చేతికి వచ్చేసరికి నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లూ ఇంటికి ఏ చిన్న వస్తువు కొనాలన్నా నా డబ్బు అన్నది లేకపోవడం ఎంత బరువో నాకు తెలుసు. మా ఆయన ఏనాడూ లెక్క అడగలేదు. అయినా ఆ బరువు తగ్గలేదు.

అందుకే ఎవరైనా సలహా అడిగితే రెండు ప్రశ్నలు ముందు వేస్తాను. వెంట వచ్చే భార్య లేదా భర్త ఏ రోజు నుంచి పని చేయవచ్చు? పిల్లలను ఏ వయసు దాకా మీ వీసా కింద లెక్కిస్తారు? వీసా ఎన్ని వారాల్లో వస్తుంది, ఫీజు ఎంత అన్నవి ఆ తర్వాతే. వారాలు గడిచిపోతాయి, ఫీజు ఒకసారి కట్టేస్తాం. ఈ రెండు ప్రశ్నల జవాబులతో మాత్రం ఏళ్ల తరబడి కాపురం చేయాలి.

పని చేసే హక్కు

అమెరికా విషయంలో అందరూ ఒకే గాటన కట్టేసే వీసాలు నిజానికి మూడు రకాలు. హెచ్-1బి వారి భార్య లేదా భర్తకు హెచ్-4 వస్తుంది. దీని మీద పని చేయాలంటే ఈఏడీ అనే పని అనుమతి కార్డు ఉండాలి. ఆ వెసులుబాటు 2015 మే 26 నుంచి అమల్లో ఉంది గానీ అందరికీ కాదు. హెచ్-1బి ఉన్నవారికి గ్రీన్‌కార్డు (శాశ్వత నివాసం) దారిలో కంపెనీ వేసే ఐ-140 అనే దరఖాస్తుకు ఆమోదం వచ్చి ఉండాలి, లేదా గ్రీన్‌కార్డు ప్రక్రియ కారణంగా ఆరేళ్లు దాటి హెచ్-1బి పొడిగింపు దొరికి ఉండాలి. అంటే మీ భార్య ఉద్యోగం మీ కంపెనీ గ్రీన్‌కార్డు ప్రక్రియను ఎప్పుడు మొదలుపెడుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. ఆఫర్ మాట్లాడుకునేటప్పుడే ఈ ప్రశ్న అడగండి. "చేరాక చూద్దాం" అన్న జవాబు వస్తే దాన్ని "ఇంకా కొన్నేళ్లు" అని చదువుకోవాలి. మా ఇంట్లో అలా చదువుకోలేకపోయాం.

ఈఏడీ వచ్చాక కూడా ఒక చిక్కు ఉంది. 2025 అక్టోబరు 30 నుంచి పెట్టిన పునరుద్ధరణ దరఖాస్తులకు ఆటోమేటిక్ పొడిగింపును ఎత్తేశారు. పాత కార్డు గడువు తీరిన రోజుకు కొత్తది రాకపోతే ఉద్యోగం ఆపేసి ఇంట్లో కూర్చోవాల్సిందే. గడువుకు 180 రోజుల ముందే దరఖాస్తు పెట్టవచ్చు కాబట్టి ఆ తేదీని క్యాలెండర్‌లో ఎర్రటి అక్షరాలతో రాసుకోండి.

రెండోది ఎల్-2. మీరు పనిచేస్తున్న కంపెనీయే మిమ్మల్ని ఎల్-1 మీద బదిలీ చేస్తే భార్య లేదా భర్తకు వచ్చే వీసా ఇది. 2021 నవంబరు నుంచి ఎల్-2 భాగస్వాములకు వేరే కార్డు అక్కర్లేదు. దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచే పని చేయవచ్చు. తేడా చూడండి. ఒకే కంపెనీ, ఒకే ఊరు, ఒకే జీతం. వీసా అక్షరం మారితే భార్య జీవితమే మారిపోతుంది. పైగా 2025 సెప్టెంబరు 21 నుంచి విదేశాల్లో ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధించారు కాబట్టి, హైదరాబాదు నుంచి వెళ్లేవారికి కంపెనీ బదిలీ దారి ఇంకా ముఖ్యమైంది. ఎల్-1కి గడువు ఉంటుంది: ప్రత్యేక నైపుణ్యం కింద వెళ్లినవారికి అయిదేళ్లు, మేనేజర్లకు ఏడేళ్లు.

మూడోది ఎఫ్-2. ఎంఎస్ చదువుకు వెళ్లిన అబ్బాయికి మధ్యలో పెళ్లి చేసి కోడలిని పంపే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఎఫ్-2 మీద ఆ అమ్మాయి పని చేయడానికి వీల్లేదు, పూర్తిస్థాయి డిగ్రీ చదవడానికీ వీల్లేదు. చదువుకున్న అమ్మాయిని ఆ వీసా మీద పంపే ముందు రెండు కుటుంబాలూ ఈ మాట నోరు తెరిచి మాట్లాడుకోవాలి. అబ్బాయికి ఉద్యోగం స్థిరపడే దాకా అమ్మాయి ఇక్కడే తన ఉద్యోగం చేసుకోవడం మేలని నా నమ్మకం.

జర్మనీ ఈ ప్రశ్నకు సూటిగా జవాబిస్తుంది. ఈయూ బ్లూకార్డు, అంటే డిగ్రీ ఉన్న విదేశీ నిపుణులకిచ్చే అనుమతి, మీద వెళ్లినవారి భాగస్వామికి నివాస అనుమతితో పాటే ఎలాంటి పనైనా చేసే హక్కు వస్తుంది. మామూలుగా భార్య వీసాకు అడిగే ఎ1 స్థాయి (మొట్టమొదటి మెట్టు) జర్మన్ పరీక్ష కూడా బ్లూకార్డు కుటుంబాలకు అక్కర్లేదు. 2026లో బ్లూకార్డుకు కావలసిన జీతం ఏడాదికి 50,700 యూరోలు. ఐటీ, ఇంజినీరింగ్, వైద్యం వంటి కొరత ఉన్న వృత్తులకు దాదాపు 45,934 యూరోలు. మా చెల్లెలు మ్యూనిక్‌లో ఉంటుంది. చట్టం ఆమెను మొదటి రోజే పనికి పొమ్మంది. కానీ ఆమె అకౌంటెంటు, అక్కడి లెక్కల పుస్తకాలన్నీ జర్మన్‌లో ఉంటాయి. రెండేళ్లు భాష నేర్చుకున్నాకే తన చదువుకు తగిన ఉద్యోగం దొరికింది. పరీక్ష అక్కర్లేదన్నారని భాష నేర్చుకోకుండా వెళ్లకండి. బయలుదేరే ముందు ఆరు నెలలైనా నేర్చుకోవాలి. సాఫ్ట్‌వేర్ వారికి ఇంగ్లిష్‌తో కొంత గడుస్తుంది, మిగతా వృత్తుల వారికి గడవదు.

బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవారి భాగస్వామి దాదాపు ఏ పనైనా చేయవచ్చు. అయితే అక్కడ కుటుంబాన్ని తీసుకెళ్లే తలుపే సన్నబడింది. 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ విద్యార్థులు కుటుంబాన్ని తీసుకెళ్లడానికి వీల్లేదు. పరిశోధన విద్యార్థులకు, ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద వెళ్లేవారికి మాత్రమే ఆ అవకాశం. 2024 మార్చి 11 నుంచి కేర్ వర్కర్లకూ ఆపేశారు. 2025 జూలై 22 నుంచి విదేశాల నుంచి కేర్ వర్కర్ల నియామకాన్నే మూసేశారు. అదే రోజు నుంచి స్కిల్డ్ వర్కర్ సాధారణ జీత పరిమితి 41,700 పౌండ్లకు చేరింది. "ముందు స్టూడెంట్ వీసా మీద వెళ్లు, ఆర్నెల్లలో భార్యాబిడ్డలను పంపిస్తాం" అని ఇప్పటికీ చెప్పే ఏజెంటు ఎవరైనా ఉంటే ఆ కార్యాలయం నుంచి లేచి వచ్చేయండి.

కెనడా కూడా బిగించింది. 2025 జనవరి 21 నుంచి, ఏ యజమాని దగ్గరైనా పని చేయనిచ్చే ఓపెన్ వర్క్ పర్మిట్, పై స్థాయి వృత్తుల్లో ఉన్నవారి, ఎంపిక చేసిన మరికొన్ని వృత్తుల వారి భాగస్వాములకే. అదీ మీ పర్మిట్‌లో కనీసం 16 నెలల గడువు మిగిలి ఉంటేనే. విద్యార్థుల్లో పీహెచ్‌డీ వారికి, 16 నెలలకు తగ్గని మాస్టర్స్ చేసేవారికి, కొన్ని వృత్తి కోర్సుల వారికి మాత్రం భాగస్వామికి ఆ పర్మిట్ వస్తుంది. రెండేళ్ల డిప్లొమా కాలేజీ సీటుతో దంపతులిద్దరూ వెళ్లి, ఒకరు చదువుతుంటే మరొకరు సంపాదించే పాత లెక్క ఇక కుదరదు.

సింగపూర్ విషయంలో చాలామంది పొరబడతారు. నెలకు కనీసం 6,000 సింగపూర్ డాలర్ల స్థిర జీతం ఉంటే భార్యకు, 21 ఏళ్ల లోపు పెళ్లికాని పిల్లలకు డిపెండెంట్ పాస్ దొరుకుతుంది. ఒకప్పుడు ఆ పాస్ మీదే సమ్మతి లేఖతో ఉద్యోగం చేసేవారు. 2021 మే నుంచి ఆ దారి మూసేశారు. ఉద్యోగం చేయాలంటే ఆమె సొంత అర్హతతో వర్క్ పాస్ తెచ్చుకోవాలి.

యూఏఈలో భర్త స్పాన్సర్‌షిప్ కిందే ఉంటూ, కంపెనీ వర్క్ పర్మిట్ తీసుకుంటే భార్య ఉద్యోగం చేయవచ్చు, వీసా మార్చుకోనక్కర్లేదు. మా మేనమామ కోడలు షార్జాలో అలాగే ఒక క్లినిక్‌లో పనిచేస్తోంది.

ఇక్కడ ఒక మాట అదనంగా చెప్పాలి, ఎందుకంటే నేను కూడా దీన్ని ఆలస్యంగా తెలుసుకున్నాను. పని చేసే హక్కు వేరు, మీ వృత్తి చేసే లైసెన్సు వేరు. నర్సుకు అమెరికాలో ఎన్‌క్లెక్స్ పరీక్ష, రాష్ట్ర బోర్డు లైసెన్సు కావాలి. బ్రిటన్‌లో నర్సుల మండలి ఎన్ఎంసీలో నమోదు కావాలి. జర్మనీలో డిగ్రీకి గుర్తింపు, దానితో పాటు సాధారణంగా బి2 స్థాయి (ఎ1 కంటే మూడు మెట్లు పైన) భాష కావాలి. డాక్టరు, ఫార్మసిస్టు, న్యాయవాది, బడి పంతులు అందరిదీ ఇదే కథ. నేను ఈఏడీ తీసుకుని బడిలో చెప్పబోతే, ముందు నా ఎమ్మెస్సీని అక్కడి లెక్కలోకి మార్పించుకోవాలని, ఆపైన టీచరు సర్టిఫికెట్ తెచ్చుకోవాలని చెప్పారు. ఆ పని హెచ్-4 మీద ఖాళీగా ఉన్న నాలుగేళ్లలోనే చేసుకోవచ్చు, ఎవరూ అడ్డుకోరు. నాకు చెప్పినవారు లేక చేసుకోలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

పిల్లల వయసు

పిల్లలు చిన్నవాళ్లయితే ఈ భాగం వేగంగా చదివేసి ముందుకు వెళ్లండి. పదేళ్లు దాటితే నెమ్మదిగా చదవండి.

ఒక్కో దేశానికి ఒక్కో గీత. అమెరికాలో పెళ్లికాని పిల్లలు 21 ఏళ్ల లోపు, కెనడాలో 22 లోపు, సింగపూర్‌లో 21 లోపు, జర్మనీ, బ్రిటన్‌లలో 18 లోపు. యూఏఈ 2022 అక్టోబరు నుంచి కొడుకుల వయసును 25కు పెంచింది. పెళ్లికాని కూతుళ్లకు వయసు పరిమితే లేదు. బ్రిటన్‌లో 18 లోపు డిపెండెంట్‌గా వెళ్లిన బిడ్డ, తర్వాత కూడా మీతోనే ఉంటూ మీ మీదే ఆధారపడితే వీసా పొడిగించుకోవచ్చు. కానీ 18 దాటాక కొత్తగా ఇక్కడి నుంచి తీసుకెళ్లలేరు. తల్లిదండ్రులిద్దరూ అక్కడ ఉండాలన్న నియమం కూడా ఉంది; ఒక్కరే పెంచుతున్న సందర్భాలు వేరు.

అమెరికాలో ఆ 21 గీత మన పిల్లలను ఎక్కువగా కొడుతుంది. ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్న నియమం వల్ల మనవాళ్ల వరుస పదేళ్లకు పైగా వెనకబడి ఉంది. ఎనిమిదేళ్ల బిడ్డతో వెళ్తే ఆ బిడ్డకు 21 వచ్చేలోగా గ్రీన్‌కార్డు వస్తుందన్న భరోసా లేదు. రాకపోతే, ఆ దేశంలోనే పెరిగిన పిల్లవాడు విదేశీ విద్యార్థిలా ఎఫ్-1 వీసా తీసుకోవాలి. పదహారేళ్లకు తోటి పిల్లలు వేసవిలో దుకాణాల్లో పనిచేస్తుంటే హెచ్-4 బిడ్డ చేయలేడు, ఎందుకంటే ఈఏడీ భాగస్వామికే గాని పిల్లలకు లేదు. ఫెడరల్ ప్రభుత్వ విద్యా సాయమూ అందదు. మా అమ్మాయి పన్నెండో ఏట "నేను ఇక్కడి దాన్నా, అక్కడి దాన్నా?" అని అడిగిన రోజు నాకు జవాబు తోచలేదు. మీరు ఆ దేశం ఎంచుకుంటే, బిడ్డకు అర్థమయ్యే వయసు రాగానే ఈ నిజం చెప్పేయండి. పదిహేడేళ్లకు కాలేజీ దరఖాస్తు నింపుతూ తెలుసుకోవడం క్రూరం.

ఇక మన రాష్ట్రాల వైపు నుంచి ఒక సంగతి, దీన్ని విదేశీ కన్సల్టెంట్లు ఎవరూ చెప్పరు. రెండు మూడేళ్లు విదేశంలో ఉండి, పిల్లల్ని తిరిగి ఇక్కడ ఇంజినీరింగో మెడిసినో చదివించాలని అనుకునేవారు స్థానికత లెక్క చూసుకోవాలి. మన దగ్గర సీట్లలో 85 శాతం స్థానికులవి. తెలంగాణలో మెడిసిన్‌కు స్థానిక అభ్యర్థి కావాలంటే 9 నుంచి 12వ తరగతి దాకా వరుసగా నాలుగేళ్లు ఆ రాష్ట్రంలో చదివి ఉండాలన్న నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఎనిమిదో తరగతి పిల్లవాణ్ని తీసుకెళ్లి ఇంటర్‌కు తిరిగి పంపిస్తే ఆ నాలుగేళ్లు తెగిపోతాయి. కాబట్టి పదమూడు పద్నాలుగేళ్ల బిడ్డ ఉన్న కుటుంబం నిర్ణయించుకోవలసింది ఇదే: ఆ బిడ్డ పై చదువు అక్కడా, ఇక్కడా? అక్కడే అనుకుంటే వెంటనే తీసుకెళ్లండి. ఇక్కడే అనుకుంటే తల్లో తండ్రో పిల్లవాడితో ఇంటర్ అయ్యేదాకా ఇక్కడే ఉండటం గురించి గట్టిగా ఆలోచించండి. రెండు పడవల మీద కాళ్లు పెడితే నలిగేది ఆ బిడ్డే.

చిన్నపిల్లలకు మాత్రం ఎక్కడికి తీసుకెళ్లినా భాష వచ్చేస్తుంది. అయిదారేళ్ల పిల్లలు ఏడాది తిరిగేసరికి జర్మన్‌లో పోట్లాడుకుంటారు. పద్నాలుగేళ్ల పిల్లవాడికి అదే జర్మన్ గోడలా కనిపిస్తుంది.

డబ్బు లెక్క

బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యం కోసం వీసాతో పాటే కట్టే ఆరోగ్య సర్‌ఛార్జి పెద్దవారికి ఏడాదికి 1,035 పౌండ్లు, 18 లోపు పిల్లలకు 776. వీసా ఎన్నేళ్లకైతే అన్నేళ్లదీ ముందే కట్టాలి. మూడేళ్ల వీసాకు భార్య, ఇద్దరు పిల్లల సర్‌ఛార్జి ఒక్కటే 7,761 పౌండ్లు. మీది, వీసా ఫీజులు వేరు. వైద్యరంగం వారి హెల్త్ అండ్ కేర్ వీసాకు ఈ సర్‌ఛార్జి లేదు, అందుకే డాక్టర్లకు, నర్సులకు బ్రిటన్ ఇప్పటికీ మంచి ఎంపికే. శాశ్వత నివాసానికి పట్టే కాలాన్ని అయిదేళ్ల నుంచి పదేళ్లకు పెంచాలని 2025లో అక్కడి ప్రభుత్వం ప్రతిపాదించింది; దీర్ఘకాలం ఉండాలనుకునేవారు దాన్ని లెక్కలో వేసుకోవాలి.

జర్మనీలో పన్ను ఎక్కువ, చేతికొచ్చే జీతం చూసి మొదటి నెల మా మరిది ముఖం చిన్నబుచ్చుకున్నాడు. కానీ ప్రభుత్వ ఆరోగ్య బీమాలో సంపాదన లేని భార్య, పిల్లలు అదనపు ప్రీమియం లేకుండా చేరిపోతారు. 2026లో ఒక్కో బిడ్డకు నెలకు 259 యూరోల పిల్లల భత్యం వస్తుంది. ఏడాది నిండిన బిడ్డకు శిశు సంరక్షణ కేంద్రంలో చోటు పొందే హక్కు చట్టంలో ఉంది, అయితే పెద్ద నగరాల్లో ఆ చోటు దొరకడానికి కాళ్లరిగేలా తిరగాలి. బ్లూకార్డు వారికి ఎ1 భాషతో 27 నెలల్లో, బి1 భాషతో 21 నెలల్లో శాశ్వత నివాసం దొరుకుతుంది. మన అమెరికా వరుసతో పోలిస్తే ఇది ఎంత పెద్ద తేడానో వేరే చెప్పనక్కర్లేదు.

అమెరికాలో పన్నెండో తరగతి దాకా ప్రభుత్వ బడి ఉచితం, హెచ్-4 పిల్లలకు కూడా. బడి వయసు రాని పిల్లల డేకేర్ ఖర్చు, కుటుంబమంతటి బీమా ప్రీమియం మాత్రం జీతంలో పెద్ద ముక్క కొరుకుతాయి. ఆఫర్ లెటర్‌లో కుటుంబ బీమాకు కంపెనీ ఎంత కడుతుందో, మీ జీతంలో ఎంత కోస్తుందో అడిగి రాయించుకోండి.

గల్ఫ్‌కు వెళ్లే మన వారికి

కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కూ, కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల నుంచి దుబాయ్, సౌదీలకూ వెళ్లే అన్నదమ్ములకు ఇది ముఖ్యం. అక్కడ కుటుంబ వీసా జీతం గీత మీద నడుస్తుంది. యూఏఈలో నెలకు 4,000 దిర్హాములు, లేదా 3,000తో పాటు వసతి ఉంటే భార్యాపిల్లలను స్పాన్సర్ చేయవచ్చు. అర్హత వచ్చినంత మాత్రాన ఆ జీతంతో కాపురం నడవదు. ప్రవాసుల పిల్లలు ఎక్కువగా ఫీజు కట్టే ప్రైవేటు బడుల్లోనే చదువుతారు. ఇంటి అద్దెకు చెక్కులు ముందే రాసివ్వాలి. సౌదీలో ఒక్కో కుటుంబ సభ్యుడికి నెలకు 400 రియాళ్ల రుసుము ఉంది. భార్య, ఇద్దరు పిల్లలంటే ఏడాదికి 14,400 రియాళ్లు, ఇంకా అద్దె, బడి మొదలు కాకముందే.

4,000 దిర్హాముల జీతగాడికి నా సలహా: భార్యాపిల్లలను ఊళ్లోనే మంచి బడికి దగ్గరగా ఉంచి, వేసవి సెలవుల్లో సందర్శక వీసా మీద నెల రోజులు పిలిపించుకోండి. గడువు తీరకముందే పంపించేయండి. సందర్శక వీసాతో వెళ్లి గడువు దాటి ఉండిపోవడం లాంటి తప్పు మరొకటి లేదు. జరిమానా రోజురోజుకూ పెరుగుతుంది, తిరిగి రావడమే కష్టమవుతుంది. మంచి జీతం ఉండి, పిల్లలు సీబీఎస్ఈలో చదువుతున్న కుటుంబానికి మాత్రం దుబాయ్, షార్జా చాలా నప్పుతాయి. ఇక్కడి పాఠాలే అక్కడ కొనసాగుతాయి, నాలుగు గంటల ప్రయాణంలో అమ్మమ్మ ఇల్లు. శాశ్వత నివాసం దొరకదని, ఏదో ఒక రోజు తిరిగి రావాలని తెలిసే వెళ్లాలి. ఆ ఎరుక ఉన్నవారు అక్కడ హాయిగా ఉండటం నేను చూశాను.

కలిసి వెళ్లడమా, ఒకరు ముందా

ఒకరు ముందు వెళ్లి, మూడు నెలల తర్వాత మిగతావారు వెళ్లడమే నాకు నచ్చిన దారి. ఇల్లు, బ్యాంకు ఖాతా, బడి ఏ ప్రాంతంలో మంచిదో చూసుకోవడానికి ఆ సమయం చాలు. ఆరు నెలలు దాటితే చిన్నపిల్లలు తండ్రిని ఫోనులో మనిషిలా చూడటం మొదలుపెడతారు, అంతదాకా లాగకండి. బడి ఏడాది మొదలయ్యే నెలను బట్టి టికెట్ కొనండి: యూఏఈలోని మన సిలబస్ బడులు ఏప్రిల్‌లో, అమెరికా బడులు ఆగస్టు చివరా సెప్టెంబరు మొదట్లో, బ్రిటన్ బడులు సెప్టెంబరులో మొదలవుతాయి.

అమెరికా వీసా స్టాంపింగ్‌కు వెళ్లేవారు 2025 సెప్టెంబరు 2 నుంచి ఇంటర్వ్యూ మినహాయింపులు చాలావరకు పోయాయని గుర్తుంచుకోవాలి. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని కూడా హైదరాబాదు నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌కు వెంట తీసుకెళ్లాల్సి రావచ్చు. బ్రిటన్‌కు ఆరు నెలలకు మించి వెళ్లేవారికి గుర్తింపు పొందిన క్లినిక్‌లో క్షయ పరీక్ష తప్పనిసరి.

పేర్లు, కాగితాలు

మన ఇంటిపేర్లు తెచ్చే తంటా ఇంకెవరికీ ఉండదేమో. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి అంతా పేరు గడిలోనే ఉంటుంది. అలాంటి పాస్‌పోర్టుకు అమెరికా వీసా వేస్తే పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్ఎన్‌యూ' (పేరు తెలియదు) అని పడుతుంది. ఆ మూడక్షరాలు తర్వాత డ్రైవింగ్ లైసెన్సు దాకా వెంటాడతాయి. యూఏఈ 2022 నవంబరు నుంచి ఒకే పేరున్న పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద వచ్చేవారిని, పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో లేకపోతే, రానివ్వడం లేదు. కాబట్టి వీసా పని మొదలుపెట్టక ముందే భార్యాభర్తల, పిల్లల పాస్‌పోర్టులు నాలుగూ పక్కపక్కన పెట్టి పేర్లు సరిచూడండి. తేడా ఉంటే ముందు పాస్‌పోర్టు సరిచేయించుకోండి.

పెళ్లి ఫొటోలు, శుభలేఖ చాలవు. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో పెళ్లి నమోదు చేయించుకుని ధ్రువపత్రం తీసుకోండి. బిడ్డ పేరు రాయకుండా వదిలేసిన జనన ధ్రువపత్రాలుంటే మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో పేరు చేర్పించండి. యూఏఈకి విదేశాంగశాఖ అటెస్టేషన్ తర్వాత ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర, అక్కడికి వెళ్లాక వారి విదేశాంగశాఖ ముద్ర కూడా కావాలి. జర్మనీకి మన అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేందుకు పత్రం మీద వేసే ప్రభుత్వ ముద్ర) పనికిరాదు. వారి రాయబార కార్యాలయమే పత్రాలను విచారించే పద్ధతి ఉంది, దానికి నెలలు పట్టవచ్చు. గల్ఫ్ బడుల్లో చాలావాటికి టీసీ మీద జిల్లా విద్యాశాఖాధికారి సంతకం కావాలి. వేసవి సెలవులకు ముందే చేయించుకోండి, బడి మూసేశాక ప్రధానోపాధ్యాయుణ్ని వెతుక్కుంటూ తిరగాల్సి వస్తుంది.

అడగడానికి మొహమాటపడే ప్రశ్న

కాపురం చెడితే, లేదా భర్తకు ఏదైనా జరిగితే భార్య పరిస్థితి ఏమిటి? పెళ్లి మాటల్లో ఇది అశుభమని ఎవరూ ఎత్తరు. కూతురిని పంపే తల్లిదండ్రులు తప్పకుండా తెలుసుకోవాలి. అమెరికాలో భార్య హెచ్-4 వీసా భర్త హెచ్-1బి మీదే నిలబడి ఉంటుంది. ఆయన ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు కుటుంబానికీ అదే. భర్త హింసకు గురవుతున్న హెచ్-4 భార్య ఐ-765వి అనే దరఖాస్తుతో విడిగా పని అనుమతి అడగవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. జర్మనీలో మూడేళ్లు కలిసి కాపురం చేశాక విడిపోయినా భార్యకు స్వతంత్ర నివాస హక్కు వస్తుంది. యూఏఈలో భర్తను కోల్పోయినవారికి, విడాకులు పొందినవారికి స్పాన్సర్ లేకుండా ఏడాది ఉండే వెసులుబాటు ఉంది. ఏ దేశమైనా సరే, ఆమె పాస్‌పోర్టు ఆమె దగ్గరే ఉండాలి, బ్యాంకు ఖాతాలో ఆమె పేరు ఉండాలి, వీసా కాగితాల నకళ్లు పుట్టింట్లో ఒక కట్ట ఉండాలి. ఇది భర్తను అనుమానించడం కాదు. నేను మా అమ్మాయికి పెళ్లి చేసినా ఇదే చేస్తాను.

మొన్న అడిగిన ఒక కుటుంబం

మా బంధువుల్లో ఒకాయనకు ఒకేసారి రెండు దారులు తెరుచుకున్నాయి. పనిచేస్తున్న కంపెనీ ఎల్-1 మీద డాలస్ పంపుతానంది. మరో సంస్థ మ్యూనిక్‌లో బ్లూకార్డు ఇస్తానంది. భార్య హైదరాబాదులో స్టాఫ్ నర్సు. పిల్లలు ఆరేళ్ల పాప, పదమూడేళ్ల బాబు. ఆయన రెండు జీతాలు పక్కపక్కన రాసుకుని వచ్చాడు. నేను ఆ కాగితం తిప్పి, వెనకవైపు ముగ్గురి పేర్లు రాయమన్నాను.

పాపకు రెండు ఊళ్లూ ఒకటే. భార్యకు రెండు చోట్లా పని హక్కు మొదటి రోజే వస్తుంది. కానీ మ్యూనిక్‌లో నర్సుగా చేయాలంటే బి2 జర్మన్, అంటే కనీసం ఏడాదిన్నర చదువు. డాలస్‌లో ఎన్‌క్లెక్స్, అది ఆమెకు వచ్చిన ఇంగ్లిష్‌లోనే. బాబుకు మ్యూనిక్ కష్టం. ఎనిమిదో తరగతి పాఠాలన్నీ రాని భాషలో వినాలి. మరోవైపు డాలస్ అయిదేళ్ల గడువు. అయిదేళ్ల తర్వాత వీసా మారకపోతే బాబు పద్దెనిమిదేళ్లకు ఇక్కడికి రావాలి, అప్పటికి స్థానికత ఉండదు. శాశ్వతంగా స్థిరపడటమే ప్రధానమైతే మ్యూనిక్ అని, ఈ భార్యకు, ఈ బాబుకు మాత్రం డాలస్ అని చెప్పాను. బాబు పై చదువు అక్కడే అని ఇప్పుడే అనుకుని, దానికి నెలనెలా డబ్బు పక్కన పెట్టాలని, కంపెనీ గ్రీన్‌కార్డు ఎప్పుడు మొదలుపెడుతుందో రాతపూర్వకంగా అడగాలని కూడా చెప్పాను.

ఆయన ఇంకా కంపెనీ జవాబు కోసం చూస్తున్నాడు. ఆమె మాత్రం ఎదురుచూడలేదు. నర్సింగ్ మార్కుల పత్రాలు తెచ్చుకోవడానికి గత వారమే తన పాత కళాశాలకు వెళ్లి వచ్చింది.